గడువు తీరిన బావగారు

మా బావగారికి పాల ప్యాకెట్‌కీ కారు బీమాకీ తేడా తెలియదు. ఊరెళ్ళేటప్పుడు పాలు వద్దని చెప్పినట్టే, బండి తీయని రోజులకి బీమా ఆపేస్తే ఆ మేరకు డబ్బు మిగులుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే మొన్న వేసవిలో పాలసీ గడువు దాటనిచ్చారు.

"ఏవోయ్ బావమరిదీ, బీమా లేకుండా దొరికితే ఫైను 2,000. మన సైజు బండికి థర్డ్ పార్టీ ఒక్కదానికే 3,416, పైన జీఎస్టీ. ఎటు చూసినా దొరికిపోవడమే లాభం!" అని కాగితం మీద లెక్క కట్టి చూపించారు. రెండోసారి దొరికితే 4,000 అనీ, చట్టంలో మూడు నెలల దాకా జైలు కూడా ఉందనీ చెప్పాను. "భోజనం వాళ్ళే పెడతారుగా" అన్నారు. లోపల్నించి అక్క, "లుంగీలు సర్దమంటారా?" అంది.

జైలుకి బెదరని మనిషిని పక్కింటి ప్లీడరుగారు ఒక్క మాటతో బెదరగొట్టారు. బీమా లేని బండి ఎవరినైనా గుద్దితే ట్రైబ్యునల్ ఎంత పరిహారం వేస్తే అంతా సొంత జేబులోంచే అన్నారాయన.

మర్నాటి నుంచి బావగారు వేరే మనిషి. లారీలనే పక్కకి తప్పుకోమనే హారన్ ఆయనది. అలాంటిది వీధి మలుపులో ఇండికేటర్ వేశారు. అక్క అదేదో చెడిపోయిందనుకుంది. గేదెలు అడ్డొస్తే బండి ఆపేసేవారు. అవి దాటాక, ఒకటి ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చి మళ్ళీ దాటినా ఓపిగ్గా కూర్చునేవారు. దూరంగా ఖాకీ కనపడితే చాలు, సందులోకి తిప్పేయడమే. ఒకసారి అలా తిప్పి, అరగంట దాక్కున్నాక తెలిసింది, అది ఆటో డ్రైవరు చొక్కా.

ఇంత నరకం పడే బదులు కట్టెయ్యొచ్చుగా? సొట్ట కట్టనివ్వలేదు. అది వెనక తలుపు మీద రెండేళ్ళ కిందట అపార్ట్‌మెంట్ స్తంభం పెట్టిన ముద్దు. క్లెయిమ్ చేస్తే ఐదేళ్ళు నోరు కట్టుకుని కూడబెట్టిన 50 శాతం నో క్లెయిమ్ బోనస్ పోతుంది. సొంత డబ్బుతో చేయించడానికి చెయ్యి రాదు. ఎప్పుడైనా పెద్ద దెబ్బ తగిలితే అందులో కలిపేద్దామని దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లా దాచుకున్నారు. గడువు దాటాక బండిని చూడందే పాలసీ ఇవ్వరనీ, పాత సొట్ట కొత్త పాలసీలోకి రాదనీ విన్నాక రెండు పూటలు మజ్జిగతో సరిపెట్టారు.

ఒకరోజు ఏజెంటు ఫోన్ చేశాడు. "సార్, మీది బ్రేక్-ఇన్‌లో ఉంది."

"నా బ్రేకులకేం బాబూ, ఉగాదికేగా కొత్తవి వేయించాను!"

"బ్రేకులు కాదు సార్, పాలసీకి మధ్యలో గండి పడింది. ఇంకో మూడు రోజులైతే తొంభై దాటుతాయి. అప్పుడిక మీ బోనస్ మొత్తం గల్లంతే."

సాయంత్రానికల్లా బండి కడిగి నిలబెట్టారు. యాప్‌లో చుట్టూ వీడియో తీసి పంపాలి. ఫోన్ నా చేతిలో. వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి బావగారు దానికి ఆనుకుని, పెళ్ళి ఫోటోలో లాగా నవ్వుతూ నిలబడ్డారు. వీడియో తిరిగొచ్చింది. మళ్ళీ తీశాం, మళ్ళీ నవ్వారు, మళ్ళీ తిరిగొచ్చింది. మూడోసారి అక్కే చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

రాత్రికి పాలసీ ఫోన్లోకి వచ్చింది. అర్ధరాత్రి నుంచి అమలు. మర్నాడు ఉదయం ఆరింటికి మా వీధంతా అదిరేలా హారన్ మోగింది. గేదెలు పరుగెత్తగలవని నాకు అప్పుడే తెలిసింది.