సుంగుడి పద్యమునకు టీకాతాత్పర్యములు

మూలము

అక్క రండు చూడుఁ డందమౌ సుంగుడి
వేయి యనుచు మొదట వెలను బలికి
తెనుఁగు మాట విన్నఁ దెగఁగోసి యెనిమిది
నూఱు చాలు ననును నొవ్వకుండ.

అవతారిక

ఈ పద్యమును రచించిన కవి యెవ్వరో తాళపత్రములందు లేదు. అయినను, మధుర మీనాక్షీదేవి యాలయమునకు తూర్పున, ఇల్లాలు చీరల గుట్టలో మునిగియుండగా సంచులకు కావలి కాయుచు గోడ కానుకొని నిలిచియున్న యొక తెలుగు యాత్రికుడని వ్యాఖ్యాతకు నిశ్చయముగా తెలియును. అంతకు మించి వివరించుట వ్యాఖ్యాతకు క్షేమము గాదు. ఛందస్సు ఆటవెలది. వేమన లోకనీతికి వినియోగించిన పద్యమును చీరల బేరమునకు దింపుట తగదని పెద్దలు కొందరు ముక్కు విరిచిరి. బేరమాడు వేళ బయటపడునంత లోకనీతి మరియెక్కడ బయటపడునో వారు సెలవిచ్చిన బాగుండును.

దేశకాలములు చెప్పక వ్యాఖ్య ముందుకు సాగదు. దేశము మధుర; అందును పుదుమండపపు పరిసరము. 1623 మొదలు 1659 వరకు రాజ్యమేలిన తిరుమలనాయకుడు స్వామివారి వసంతోత్సవమునకై 124 స్తంభములతో కట్టించిన యీ మండపము, ఉత్సవము కొన్ని దినములును అంగడి తక్కిన దినములునుగా, కుట్టుపనివారికిని, గాజులవారికిని, ఇత్తడి సామానువారికిని, స్తోత్రపుస్తకములు అమ్మువారికిని చిరకాలము నెలవై, చిత్తిరై తిరునాళ్ళలో అళగరు వేషము కట్టు భక్తులకు వలయు జిలుగుటుడుపులు కుట్టు మిషన్ల చప్పుడుతో మారుమ్రోగుచుండెడిది. స్తంభములమీద మధుర నేలిన నాయకరాజులు చేతులు జోడించి నిలిచియుందురు. వారి పాదములకడ టేపు మెడలో వేసికొని దర్జీలు కూర్చుండెడివారు. కొలువునకును కొలతకును ఇంతటి సామీప్యము మరియొకచోట కానము. ఇటీవల ఆ యంగళ్ళను చేరువనే కున్నత్తూరు సత్రము పేర కట్టిన భవనమునకు తరలించిరి. శిల్పములకు ఊపిరి యాడినది. బేరములకు పైకప్పు మారెనే గాని పద్ధతి మారలేదు.

ప్రతిపదార్థము

అక్క = ఓ యక్కా! సంబోధన. పిలుచువాని తల నెరసియున్నది, పిలువబడిన యామెకు అతని కూతురి యీడు. మరి అక్క యనుట యెట్లు పొసగునని శంక. పొసగును. అంగడి బంధుత్వమునకు వయస్సుతో పని లేదు. ఇందలి సూక్ష్మమేమనగా, వీధిని పోవుచున్న యామె తమిళురాలో, తెలుగామెయో, కన్నడిగురాలో వర్తకుని కింకను తెలియదు. 'వాంగ, వాంగ' యని తమిళమున మాత్రమే పిలిచెనా, పరదేశి యాత్రికురాలు తన్ను గాదనుకొని సాగిపోవును. 'అక్క' యన్న పిలుపో, తమిళమునకును తెలుగునకును కన్నడమునకును ఉమ్మడి సొత్తు. ఏ భాషకు చెందినదైనను ఆమె వెనుదిరిగి చూచును. చూచిన వెనుక నోరు విప్పును. నోరు విప్పిన భాష బయటపడును. భాష బయటపడిన పిమ్మట బీరువాలోని చీర బయటపడును. విజయవాడ, హైదరాబాదు అంగళ్ళలోని 'మేడం' కూడ ఈ ప్రయోజనమునే నెరవేర్చుచున్నది గదా యని కొందరందురు. మేడమునకు పుట్టినిల్లు లేదు గనుక ధర తగ్గింపు మని యడుగు నధికారమును లేదని మా యభిప్రాయము.

రండు, చూడుఁడు = స్పష్టము. చూచుటకు వెల లేదని ధ్వని. ఈ ధ్వనిని నమ్మి లోపల అడుగుపెట్టిన స్త్రీ వట్టి చేతులతో వెలికి వచ్చినట్లు ఏ యాలంకారికుడును ఉదాహరణ మియ్యలేదు.

అందమౌ = అందమైన. అమ్మువాడు పలికినది గనుక పాదపూరణము.

సుంగుడి = మధురలో పట్నూలువారనబడు సౌరాష్ట్రులు తరతరములుగా చేయుచున్న ముడియద్దకపు నూలుచీర. వీరు ఘూర్జరమందలి సౌరాష్ట్రమును విడిచి, విజయనగర రాజ్యము మీదుగా దక్షిణమునకు దిగి, నాయకరాజుల యాదరమున మధురలో నిలదొక్కుకొనిరి. పని తీరు వినుడు. తెల్లని బట్టపై గుర్తులు వేసి, గుర్తున్న చోటనెల్ల గోటి మొనతో చిటికెడంత బట్టను పైకెత్తి, దారముతో బిగించి ముడి వేయుదురు. ఇది యిండ్లలో ఆడువారు చేయు పని. ఒక్క చీరకు వేలకొలది ముళ్ళు. పిమ్మట రంగునీట ముంచి, ఆరనిచ్చి, ముళ్ళు విప్పుదురు. ముడిలోనికి రంగు చొరదు గనుక అచ్చట తెల్లని చుక్క మిగులును. వైగై నీటి మహిమచేతనే ఆ రంగులకు తేజస్సని పెద్దలు చెప్పుకొందురు గాని, నేడు వైగైలో నీరు కనుటకే పూర్వజన్మసుకృతము కావలసియుండుటచే ఆ మాటను పరీక్షించు సావకాశము లేదు.

వర్తకుడు ముళ్ళు విప్పని బట్ట నొకదానిని తీసి చూపెను. అది బట్టవలెనే లేదు. ముడుచుకొనిపోయి, జానెడు వెడల్పున ముద్దగా, తడిమిన వ్రేళ్ళకు గరగరలాడుచుండెను. ఎదుటివానికి ఒక కొస యిచ్చి తానొక కొస పట్టి ఒక్క లాగు లాగెను. పటపట మని ముళ్ళూడి దారపు తునుకలు నేల రాలెను. కుంకుమరంగు నడుమ చుక్కలు బారులు తీరెను. ఆ చుక్కలలో ఏ రెండును ఒక్క తీరున లేవు. ఒకటి నలుచదరము, ఒకటి ప్రక్కకు ఒరిగినది, ఇంకొకదానిలోనికి రంగు కొంచెము జొరబడినది. ముడులు వేసిన యామె ఏ వరుసకడ అలసెనో, ఏ వరుసకడ పొయ్యిమీది పాలు పొంగగా లేచిపోయెనో ఆ బారులు చూచి యూహింపవచ్చును.

ఇచ్చట కవి ఒక సంగతి దాచెను. దాచినదానిని వెలికి తీయుటే వ్యాఖ్యాత వృత్తి గనుక చెప్పక తప్పదు. నేడు సుంగుడి పేర అమ్ముడుపోవు చీరలలో అధికభాగము మైనపు టచ్చులతోను, స్క్రీనులతోను అద్దినవి. వానిలో చుక్కలన్నియు కవాతునకు నిలిచినట్లు సమానముగా నుండును. మధుర సుంగుడికి 2005లో భౌగోళిక సూచిక లభించినది గాని, ఆ గౌరవము చేతిముడిని అచ్చు పోటీనుండి కాపాడజాలకున్నది. పద్యమునందలి ఎనిమిది నూర్లకు వచ్చినది అచ్చుచీర. ముడిచీర వెల వినిన పిమ్మట కవి దానిని మరల మడతపెట్టించెను; ఆ యంకె ఆటవెలదిలో ఇమిడెడిది కాదు.

వేయి యనుచు, మొదట వెలను బలికి = వేయి రూపాయలని తొలుత చెప్పి. ఇది పూర్వపక్షము. ఖండింపబడుటకే పుట్టిన వాదమని ఇరుపక్షములకును తెలియును. దీనినే సిద్ధాంతమని భ్రమించి డబ్బు లెక్కపెట్టి యిచ్చువారు లేకపోలేదు. అట్టివారిని వర్తకులు మిక్కిలి గౌరవింతురు.

తెనుఁగు మాట విన్నన్ = తెలుగు పలుకు చెవిని బడగానే. పద్యమునకు ప్రాణమిది.

ఇల్లాలు "అంచు బాగుంది కాని వెల ఎక్కువగా ఉందండీ" యని మాతో మెల్లగా అన్న మాటను వర్తకుడు పట్టుకొనెను. "మీదే వూరక్కా?" అనెను. గుంటూరని తెలిసినది. ఆతడు నాయుడేమో యని మేమనుకొనుచుండగా, "మాది సౌరాష్ట్రమక్కా. మా మాటల్లో మీ తెలుగు మాటలు శానా ఉండాయి. మా పెద్దోళ్ళు పుస్తకాలు గూడా తెలుగక్షరాల్లోనే రాసినారు" అనెను. అంగడిమాట యని త్రోసివేయదగినది కాదు. త్యాగరాజస్వామి శిష్యులలో ముఖ్యులైన వాలాజాపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్రులే. స్వామివారి కృతులకును చరిత్రకును ఆధారమైన ఆయన వ్రాతప్రతులు మధురలోని సౌరాష్ట్ర సభయందే భద్రపడినవి. కావున మనవాడనని చెప్పుకొన్న యా వర్తకుడు మనవాడు కాడనుటకును వీలులేదు, ఔననుటకును వీలులేదు.

మధురలో తెలుగు పలుకునకు వెల తగ్గుట యెప్పటినుండి యన్నది విచార్యము. విశ్వనాథనాయకుడు 1529లో ఏలుబడి ఆరంభించినది మొదలు 1736 ప్రాంతమున రాణి మీనాక్షితో ఆ వంశ మంతరించు వరకు, ఈ నగరమున తెలుగు కొలువు భాష. విజయరంగ చొక్కనాథుడు (1706–1732) తానే తెలుగు వచనమున మాహాత్మ్యములు రచించెను. తెలుగు వచనము ఈ గడ్డమీద అనుభవించిన వైభవము అప్పటికి ఆంధ్రదేశమున సైతము అపూర్వము. అట్టి దినములలో ఒకానొక స్త్రీ ఈ వీధిలో చీర కొసను పట్టుకొని తెలుగున ధర యడిగియున్నచో, వర్తకుడు ఆమె కోటనుండి వచ్చినదని గ్రహించి, రెండు చేతులు జోడించి, వేయికి రెండు వేలు చెప్పియుండెడివాడనుటలో సందేహము లేదు. నేడు అదే మాట విని రెండువందలు తగ్గించుచున్నాడు. రాజ్యము పోయినదనుటకు ఇంతకంటె శాసనప్రమాణ మక్కరలేదు. ఏలికల భాష వెలను పెంచును. అయినవారి భాష తగ్గించును. ఈ రెంటిలో ఏది మేలని యిల్లాలి నడుగగా, తిరుగు ప్రయాణపు ఖర్చు లెక్క చూపి, రెండవదే యనెను.

తెగఁగోసి = నిశ్చయముగా; బట్టల వర్తకుని విషయమున కత్తెరతో ననియు శ్లేష.

ఎనిమిది నూఱు చాలు ననును = ఎనిమిది వందలు చాలునని పలుకును. 'చాలును' అన్న క్రియలోని త్యాగశీలము గమనింపదగినది.

నొవ్వకుండ = నొప్పి కలుగకుండ. ఎవరికి? ఇచ్చట వ్యాఖ్యాతలు రెండుగా చీలిరి. కొన్నవారి మనస్సు నొవ్వకుండ నని ఇల్లాలు. అమ్మినవాని లాభము నొవ్వకుండ నని మేము. మా పక్షమునకు ప్రత్యక్షప్రమాణము కలదు: మా చీరను కాగితములో చుట్టుచున్న సమయముననే ఒక తమిళ వనిత అదే రాశినుండి అదే రకము చీర లాగి, "అణ్ణే, కొరచ్చు సొల్లుంగ" అని గదమాయించి, ఏడువందల యేబదికి పట్టుకొనిపోయెను. అప్పుడు 'తెనుఁగు మాట' యన్న హేతువు వ్యభిచరించినది గదా యని పూర్వపక్షము. ఇల్లాలు దీనికిచ్చిన సమాధానము తార్కికులు వినదగినది: "ఆవిడను ఏ ఊరని అడిగాడా?" అడుగలేదు. ఆ ప్రశ్న ఖరీదు ఏబది రూపాయలని ఆమె కట్టిన లెక్క. దానిని మేమిప్పటికిని ఖండింపలేకున్నాము.

తాత్పర్యము

ఉమ్మడి పిలుపుతో ఆపి, ఎక్కువ చెప్పి, తెలుగు వినినంతనే తక్కువ చేసి, ఎవ్వరికిని కష్టము తోపకుండ చీర నమ్మును అని భావము.

పాఠాంతరము

కోయంబత్తూరున ఈ పద్యము చెల్లునా యని పరీక్షింపవలసియున్నది. అచ్చటను తెలుగు తక్కువ గాదు. తరములనాడు వలసపోయిన కమ్మనాయుళ్ళు మొదలైనవారు ఇంట తెలుగు మాటాడి, బడిలో తమిళము చదివి, ప్రత్తి పండించి, మిల్లులు కట్టి, మోటారులును పంపులును చేసి ఆ యూరిని యంత్రముల యూరుగా మలచినవారిలో ముందువరుసన నున్నారు, జి.డి. నాయుడు (1893–1974) వారిలోనివాడే. ఒప్పనకార వీధిని, పెద్దబజారును తిరిగి, పట్టునూ నూలునూ కలిపి నేయు కోవై కోరా చీరల నడిగితిమి. ఇచ్చటి వర్తకుడును తెలుగు వినెను, ముఖము వికసించెను, కుర్చీ వేయించెను. "మా ఇంట్లోనూ తెలుగేనండి. చదవను రాదు, మాట్లాడతాము" అని, మాకు వినబడి ఏండ్లయిన యొక పాత తెలుగు నుడికారముతో కుశలమడిగెను. చీర కొసకు మాత్రము అచ్చువేసిన చీటీ వ్రేలాడుచుండెను. "టికెట్టు రేటేనండి" అనెను. యంత్రములు చేసినవారి యూరిలో ధరకును గడియారమునకును సడలింపు లేదు. కాబట్టి కోయంబత్తూరు ప్రతిలో పద్యము రెండవ పాదముతోనే నిలిచిపోవును. మూడు నాలుగు పాదముల స్థానమున ఫిల్టరు కాఫీ వచ్చును. కాఫీ ప్రక్షిప్తమని కొందరందురు. మేము త్రాగితిమి గనుక మూలమనియే మా తీర్పు.

ఫలశ్రుతి

ఈ పద్యమును మధురలో దీపాలవేళ, అంగడి మూయుటకు ముందు, చేతిలో చిల్లర చూపుచు పఠించువారికి మరి యేబది రూపాయలు తగ్గును. మగవారు పఠించిన తగ్గదు. కోయంబత్తూరున ఎవరు పఠించినను తగ్గదు. చక్కెర తక్కువ వేయుమని ముందుగా చెప్పుకొనవలెను.