నాలో సగమే మీది

నన్ను తయారుచేసింది గోల్ఫ్ బండి కోసం. ఆరు వోల్టుల బ్యాటరీని, ముప్పై కిలోలకు కాస్త తక్కువ తూగుతాను. సీసం పలకలు, వాటి మధ్య నీళ్ళు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే మొదలుపెట్టిన వంశం మాది. గోల్ఫ్ మైదానం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. నన్నూ నా జోడీనీ సిరీస్‌లో కలిపి, పన్నెండు వోల్టులు చేసి, ఒక క్యాంపింగ్ ట్రైలర్ ముక్కు మీద గాలాడే పెట్టెలో కూర్చోబెట్టారు. ఛార్జ్ అవుతున్నప్పుడు మాలోంచి హైడ్రోజన్ వస్తుంది, అందుకే మనుషులు పడుకునే చోట మమ్మల్ని ఉంచరు.

చలికాలంలో మా మకాం ఆరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ ఎడారి. అది ప్రభుత్వ భూమి. పర్మిట్ కొనుక్కుంటే సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా అక్కడ ట్రైలర్ నిలుపుకోవచ్చు. కనుచూపు మేరంతా రాళ్ళనేల, పొదలు, దూరదూరంగా ట్రైలర్లు. ట్రైలర్ పక్కన ప్లగ్గు పెట్టుకోవడానికి కరెంటు ఉండదు. లోపల దీపం వెలగాలన్నా, పంపు తిరగాలన్నా మేమిద్దరమే దిక్కు.

మా జంట సామర్థ్యం 225 ఆంపియర్ అవర్లు. అందులో సగమే మీది, మిగతా సగం నా ఆయుష్షు. కరెంటు ఇచ్చే కొద్దీ నా పలకల మీద సీసం సల్ఫేటు పేరుకుంటుంది. వెంటనే ఛార్జ్ చేస్తే కరిగిపోతుంది. ఖాళీగా వదిలేస్తే స్ఫటికమై గట్టిపడి, ఇక కరగనంటుంది. నా పాత యజమాని ఒకసారి ట్రైలర్‌ను షెడ్డులో పెట్టి, బ్యాటరీ స్విచ్ ఆపకుండా వెళ్ళిపోయాడు. గ్యాస్ లీకును కనిపెట్టే చిన్న అలారం ఒక్కటే పనిచేస్తోంది. అది తీసుకునేది ఆంపియర్‌లో పదో వంతు. అయినా నెలన్నర తిరిగేసరికి నా సగం వాటా అయిపోయింది, ఆ తర్వాత రెండో సగంలోంచి తాగడం మొదలుపెట్టింది. అప్పుడు పోగొట్టుకున్న బలం నాకు పూర్తిగా తిరిగి రాలేదు.

ఇప్పుడు నేనున్నది ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉండే తెలుగువాళ్ళ దగ్గర. ఈ చలికాలం తెనాలి నుంచి ఆ ఇంటి అబ్బాయి నాన్నగారు వచ్చారు. ఆయన ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీకి ఏళ్ళ తరబడి డిస్టిల్డ్ వాటర్ పోసిన మనిషి. వచ్చిన వారంలోనే నా మూతలు విప్పి, టార్చి వేసి చూశారు. "ఒరేయ్, పలకలు మునిగే ఉన్నాయి గానీ, నీళ్ళు కాస్త తగ్గాయిరా. ఫుల్ ఛార్జ్ అయ్యాక పోద్దాం. ముందే నిండా పోస్తే ఛార్జింగులో ఆసిడ్ పొంగుతుంది," అన్నారు. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎడారిలో రాత్రి చలి మనిషిని నిలవనివ్వదు. ట్రైలర్ ఫర్నేస్ గ్యాస్‌తో నడుస్తుంది కాబట్టి బ్యాటరీతో పనేముందని చాలామంది అనుకుంటారు. మంట గ్యాసుదే, ఆ వేడిని గదిలోకి తోసే ఫ్యాను మాత్రం నాది. అది తిరిగినంతసేపూ ఏడు ఆంపియర్లు లాగుతుంది. గంటకు ఇరవై నిమిషాల చొప్పున రాత్రి పది గంటలు తిరిగితే ఇరవై మూడు ఆంపియర్ అవర్లు. ఎల్ఈడీ దీపాలది లెక్కలోకే రాదు.

తెల్లవారాక పెద్దాయన మీటరు పట్టుకుని వస్తారు. ఛార్జ్ ఎంతుందో చూపిస్తూ గోడ మీద వెలిగే నాలుగు లైట్లను ఆయన నమ్మరు. ఫర్నేస్ ఆగి, నేను కాసేపు ఊపిరి పీల్చుకున్నాకే చూస్తారు. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2కి దిగితే సగానికి వచ్చినట్టు. ఒకరోజు 12.3 చూపించింది. లోపల కోడలు కొబ్బరి ముక్కలు మిక్సీలో వేసి, స్విచ్ వేయాలా వద్దా అని చూస్తోంది.

"మావయ్యగారూ, వేయమంటారా?"

"వేసుకోమ్మా, రెండు నిమిషాలేగా. రైస్ కుక్కర్ మాత్రం వద్దు. అన్నం గ్యాస్ మీద పెట్టు."

ఎంత సరిగ్గా చెప్పారో! ఇన్వర్టర్ మీద ఐదువందల వాట్ల మిక్సీ గట్టిగా అరిచినా, రెండు నిమిషాల్లో దాదాపు ఒకటిన్నర ఆంపియర్ అవరు మాత్రమే తీసుకుంటుంది. ఏడువందల వాట్ల రైస్ కుక్కర్ సద్దుచేయకుండా ఇరవై అయిదు నిమిషాల్లో రాత్రంతా ఫర్నేస్ తాగినదానికంటే ఎక్కువే తాగుతుంది. పైగా ఒక్కసారిగా ఎక్కువ లాగితే నా సామర్థ్యమే కుంచించుకుపోతుంది. 75 ఆంపియర్ల చొప్పున లాగితే నేను నిలిచేది రెండు గంటల లోపే. అంటే నా 225లో చేతికొచ్చేది 145 కూడా ఉండదు. ఎన్ని వాట్లు అని అడిగేవాళ్ళు చాలామంది, ఎంతసేపు అని కూడా అడిగేవాళ్ళు నాకు ఆప్తులు.

తిరిగి నింపుకోవడం ఇంకో కథ. జనవరి ఎండ ఏటవాలుగా వస్తుంది, పైకప్పు మీద పడుకోబెట్టిన ప్యానెళ్ళకు అది సరిగ్గా తగలదు. అందుకని కొడుకు వంద వాట్ల ప్యానెళ్ళు రెండు కింద పెట్టి, దక్షిణానికి వాల్చి, పొద్దుతో పాటు తిప్పుతుంటాడు. చెట్టుకొమ్మ నీడ ఒక మూల పడినా రాబడి సగానికి సగం పడిపోవచ్చు. నా తీరు కూడా తెలియాలి. ఆకలి మీద ఉన్నప్పుడు ఆబగా తాగుతాను, ఎనభై శాతం దాటాక గుటక గుటకగా తప్ప తాగలేను. జనరేటర్ వేయాల్సి వస్తే పొద్దున్నే, నేను ఖాళీగా ఉన్నప్పుడు ఒక గంట వేయాలి. ఆ చివరి ఇరవై శాతం సాయంత్రం దాకా ఎండకు వదిలేయాలి. మధ్యాహ్నం మూడింటికి జనరేటర్ వేసి పెట్రోలు తగలేసేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది.

తిరుగు ప్రయాణానికి ముందురోజు రాత్రి వీళ్ళు ఫర్నేస్ తగ్గించి, ఇంకో దుప్పటి కప్పుకుంటారు. పొద్దున్నే ట్రైలర్ ముక్కును పైకెత్తి ట్రక్కుకు తగిలించే జాక్ నా కరెంటుతోనే లేస్తుంది. అంతకంటే ముఖ్యమైన పని ఇంకొకటుంది. దారిలో కొక్కెం ఊడి ట్రైలర్ విడిపోతే, ట్రక్కుకు కట్టిన సన్నటి ఉక్కు తీగ ఒక పిన్నును లాగేస్తుంది. ఆ క్షణమే నా కరెంటు ట్రైలర్ చక్రాల బ్రేకులను బిగిస్తుంది. హైవే మీద అప్పుడు ట్రైలర్‌ను ఆపేది నేనొక్కదాన్నే. అందుకే బయల్దేరే ముందు పెద్దాయన ఆ పిన్ను చేత్తో లాగి, కొడుకుతో ట్రక్కును ఒక అడుగు ముందుకు పోనిమ్మంటారు. ట్రైలర్ చక్రాలు కదలకుండా బిగుసుకున్నాయని కళ్ళారా చూశాకే పిన్ను మళ్ళీ పెట్టి, "పోనీరా" అంటారు.