మీరేమిట్లు, వైన్‌బర్గ్ గారూ?

నంద్యాలలో టీ గ్లాసు చేతికి అందకముందే, ఆళ్లగడ్డలో అయితే బస్సు దిగీ దిగకముందే ఎదురయ్యే కులం ప్రశ్న: "మీరేమిట్లు?" దీనికి మనకు గెజిట్టూ గుమాస్తాలూ అక్కర్లేదు. పాపం జర్మనీవాళ్లు, అంత చదువుకుని కూడా ఈపాటి పనికి 1935లో న్యూరెంబర్గ్ చట్టాలు చేసుకున్నారు. అవ్వాతాతలు నలుగురిలో యూదులెందరో లెక్కేసి మనిషికి ఖరీదు కట్టారు.

ఆ లెక్కకు దొరికిన పెద్దమనిషి ఆర్థర్ ఫాన్ వైన్‌బర్గ్. 1860లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. ఆయనకూ మనకూ రంగు చుట్టరికం ఉంది. ఒకప్పుడు కర్నూలు, కడప జిల్లాల్లో నీలిమందు పండేది. కృత్రిమ నీలికి దారి చూపిన శాస్త్రవేత్త బేయర్ దగ్గరే ఈయన రసాయనశాస్త్రం చదివాడు. 1897లో ఒక జర్మన్ కంపెనీ ఆ నీలిని బజారులో పెట్టాక మన తొట్లు ఎండటం మొదలైంది. ఈయన మాత్రం మేనమామ కంపెనీ కసెల్లాలో చేరి రంగులు చేశాడు, గడించాడు, ఫ్రాంక్‌ఫర్ట్ విశ్వవిద్యాలయానికి ధారాళంగా దానం చేశాడు. 1908లో పేరు ముందు "ఫాన్" అనే తోక కూడా వచ్చింది. (తోక ముందుండటమే జర్మన్ ప్రత్యేకత.)

1914లో యుద్ధం వచ్చింది. జర్మన్ రంగులు రాక మన నీలిమందుకు మళ్లీ ధర పలికింది. అక్కడ మాత్రం ఈ యాభై నాలుగేళ్ల మిల్లు యజమాని యూనిఫారం తొడుక్కుని మేజరయ్యాడు. 1916లో అదే దేశపు యుద్ధ మంత్రిత్వశాఖ, యూదులు ముందు వరుసలో ఉన్నారా, చాటున దాక్కున్నారా అని సైన్యంలో తల లెక్క తీసింది. ఫలితాన్ని యుద్ధం ముగిసేదాకా బయటపెట్టలేదు. అనుకున్న తప్పు దొరక్కపోతే ఏ ఆఫీసు ఫైలు తెరుస్తుంది? ఆ యుద్ధంలో దాదాపు 12 వేలమంది యూదు సైనికులు జర్మనీ కోసం చచ్చిపోయారు.

1925లో పెద్ద రంగుల కంపెనీలన్నీ కలిసి ఐ.జి. ఫార్బెన్ అయ్యాయి. వైన్‌బర్గ్‌కు అందులో పెద్దపీట. 1930లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆయన్ను గౌరవ పౌరుణ్ణి చేసింది. హిట్లర్ వచ్చాక పదవులు ఊడాయి. 1938లో ఇల్లు నగరానికే కారుచౌకగా అమ్మించారు. ఇందులో వింతపడటానికేమీ లేదు. ప్రభుత్వం మారితే ఆళ్లగడ్డ రాతిమీద చెక్కిన శిలాఫలకానికే పలుగుపోటు తప్పదు.

ఇంకో ముచ్చట. ఆర్థర్, ఆయన తమ్ముడు కలిసి పేరుమోసిన రేసుగుర్రాలను పెంచారు. గుర్రానికి వంశావళి చూస్తారు నిజమే, అయితే అది పందెం గెలిస్తే ఒప్పుకుంటారు. వైన్‌బర్గ్‌ పందేలన్నీ గెలిచాకనే వంశావళి తీశారు.

1942 జూన్‌లో ఆయన్ను పట్టుకుని తెరేజియన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి పంపారు. 1943 మార్చి 20న, 82 ఏళ్ల వయసులో, అక్కడే పోయాడు. ఆపాటికి ఆయన పెంచిన ఐ.జి. ఫార్బెన్ ఔష్‌విట్జ్ దగ్గర ఖైదీలతో కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీ కట్టిస్తోంది. గ్యాస్ గదుల్లో వాడిన జైక్లాన్-బి అమ్మే డెగెష్ కంపెనీలోనూ దానికి వాటా ఉంది.

యుద్ధం ముగిశాక ఐ.జి. పెద్దలు 23 మందిపై విచారణ జరిగితే 13 మందికి శిక్షపడింది. ఔష్‌విట్జ్ వ్యవహారంలో ఏడేళ్లు పడ్డ ఫ్రిట్జ్ టెర్ మీర్ గడువు నిండకుండానే బయటికొచ్చాడు. 1956లో బయర్ కంపెనీ ఆయన్ను పర్యవేక్షక మండలి అధ్యక్షుణ్ణి చేసింది. అనుభవజ్ఞుడు కదా.