కుట్టులేని బూటుకు టీకా తాత్పర్యం

మూలం: “ఇంజినీర్డ్ మల్టీలేయర్ ఫ్యూజ్డ్ నో-సో అప్పర్.”

అవతారిక. స్పోర్ట్స్ షూ పెట్టె తెరిస్తే మొదట ఎదురయ్యేది బూటు కాదు, బూటుకు వేలాడే చీటీ. కుట్టన్నదే లేదని చాటే ఆ చీటీని బూటుకు కట్టింది మాత్రం దారంతోనే. సేల్స్‌మన్ దాన్ని చదువుతాడు, కొనేవాడు తలూపుతాడు. అర్థం ఇద్దరికీ అందదు గానీ ధరలో ప్రత్యక్షమవుతుంది. ఇంత ప్రౌఢమైన గద్యానికి వ్యాఖ్య లేకపోవడం లోటే. మెదక్ సీమ కొలిచెలమకు చెందిన వ్యాఖ్యాత మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. అందులో మొదటి సగం శిరోధార్యం. రెండో సగాన్ని పాటించడం ఇక్కడ కుదరదు, మూలమే అక్కరలేనిది గనుక. అప్పర్: స్పష్టము. నో-సో: స్పష్టము. ఇంజినీర్డ్: పాదపూరణం. విషయం బూటు గనుక ఆ మాట రెండర్థాల్లోనూ చెల్లుతుంది.

వస్తువు ఇది. మామూలు పద్ధతిలో అప్పర్ ముక్కలను కోసి, అంచులు పల్చన చేసి, ఒకదానిమీద ఒకటి ఎక్కించి మిషను మీద కుడతారు. 2010లో నైకీ హైపర్‌ఫ్యూజ్ పేరుతో తెచ్చిన బాస్కెట్‌బాల్ బూట్లలో ఈ పని చాలావరకు ప్రెస్సుకు పోయింది. అడుగున ఊతమిచ్చే సింథటిక్ పొర, నడుమ గాలాడే మెష్, పైన థర్మోప్లాస్టిక్ పాలీయూరెథేన్ ఫిల్ము. వేడి, ఒత్తిడి తగిలేసరికి మూడూ ఒకటే రేకు. బరువు తగ్గింది, పాదాన్ని ఒరిసే కుట్టంచులు పోయాయి. మంచి పనే, కాదనలేం.

ఫ్యూజ్డ్. ఇక్కడ ఆగాలి. పదాలు సమాసం కావాలంటే వాటికి సామర్థ్యం ఉండాలన్నది పాణిని షరతు. ఆ సామర్థ్యం ఎటువంటిదో చర్చిస్తూ పతంజలి మహాభాష్యంలో రెండు పక్షాలు చూపాడు: వ్యపేక్ష, ఏకార్థీభావం. ‘రాజు యొక్క పురుషుడు’ అన్నప్పుడు పదాలు వేటికవి నిలిచి ఒకదాన్నొకటి కోరుకుంటాయి, అది వ్యపేక్ష. ‘రాజపురుషుడు’ అన్నాక రెండూ కలిసి ఒకే అర్థమవుతాయి, అది ఏకార్థీభావం. కుట్టిన అప్పర్‌ది వ్యపేక్ష: తోలు తోలుగా, లైనింగు లైనింగుగా ఉంటాయి, నడుమ దారం విభక్తిలా కనబడుతూనే ఉంటుంది. అతికించిన అప్పర్‌ది ఏకార్థీభావం. ఇంతవరకు గెలుపు చీటీ రాసినవాడిదే. అయితే భాష్యకారుడు అంతటితో వదల్లేదు. ‘సంపన్నుడైన రాజు యొక్క పురుషుడు’ అనవచ్చు. సమాసం చేసేశాక ‘సంపన్నుడైన’ అన్న విశేషణాన్ని లోపలి రాజుకు తగిలించలేం. అది పురుషుడికే అంటుకుంటుంది. సమాసంలో చిక్కిన పదాన్ని బయటివాడు విడిగా ముట్టుకోలేడు. చిరిగిన మెష్ ఒక్కదాన్నే తీసి మార్చలేక, ఆరె పట్టుకున్నవాడు ఈ బూటును తిప్పి చూసి తిరిగి ఇచ్చేయడానికి కారణం ఇదే. రెండువేల ఏళ్లకు పైబడిన కారణం. తెలుగు వ్యాకరణం మరీ నిక్కచ్చి: పొసగని సంస్కృతపదాన్నీ తెలుగుపదాన్నీ బలవంతాన కలిపితే వైరిసమాసమని పేరుపెట్టి తోసేస్తుంది. పాలియెస్టర్ మెష్, పాలీయూరెథేన్ ఫిల్ము, నడుమ ఫోము, అందం కోసం ఒక తోలుపట్టీ. వ్యాకరణకర్త చిన్నయసూరి చేతికి ఈ బూటు వెళ్లి ఉంటే తొడుక్కునేవాడు కాడు. ఇక మాటకు మాటగా విగ్రహవాక్యం చెప్పడానికి వీల్లేని నిత్యసమాసాలున్నాయి... బూటు ఎక్కడో వెనకబడిపోయింది.

పూర్వపక్షం. థర్మోప్లాస్టిక్ అంటేనే వేడికి మళ్లీ మెత్తబడేది. విగ్రహం చెప్పడం సాధ్యమే కదా? మెత్తబడుతుంది, నిజమే. కానీ కరిగిన ఫిల్ము మెష్ కన్నాల్లోకి దిగి, పోగులను చుట్టుకుని గడ్డకడుతుంది. పట్టు పుట్టేదే అక్కడ. శుభ్రంగా ఊడి వచ్చేటట్టుంటే అది అంత బాగా అతికి ఉండేది కాదు. కలగలిసిన ఈ రేకును పాత బూట్ల గుట్టలోంచి ఏరి, ఏ పొరకా పొర విడదీసి మళ్లీ వాడుకోవడం అందుకే కష్టం. ఈ సంగతి కంపెనీలకు తెలియనిది కాదు. 2019లో అడిడాస్ ఫ్యూచర్‌క్రాఫ్ట్ లూప్ పేరుతో చూపిన బూటును జిగురు లేకుండా, ఆసాంతం ఒక్క థర్మోప్లాస్టిక్ పాలీయూరెథేన్‌తోనే చేసింది. అరిగాక కరిగించాలన్నది ఉద్దేశం. సజాతీయాలే కలిశాయి గనుక దాన్ని సవర్ణదీర్ఘసంధి అనుకోవచ్చు.

మరి కుట్టు అంత గొప్పదా అంటే, కాదు. సూది దిగిన ప్రతిచోటా వస్తువు బలహీనపడుతుంది, ఆ కన్నంలోంచే నీరు చేరుతుంది. కుట్టిన బూటుకు కూడా సోలును చాలాసార్లు జిగురుతోనే నిలుపుతారు. ఆంబూరు పరిసరాల్లో ఇంటిపట్టున, జతకింత చొప్పున అప్పర్లు కుట్టే ఆడవాళ్లెవరూ కుట్టుకు స్తోత్రాలు చదవరు. కాబట్టి ఆక్షేపణ అతకడం మీద కాదు, అతికించినదేదో దాచడం మీద. ఒక్క ఉదాహరణ చాలు. పాలీయూరెథేన్‌లో పాలియెస్టర్ రకం ఉంది, పాలీఈథర్ రకం ఉంది. మొదటిదాని అణువుల గొలుసులను తేమ మెల్లగా తెంపుతుంది. రెండోది తేమకు ఎక్కువ తట్టుకుంటుంది. మచిలీపట్నంలోనో విశాఖలోనో బీరువాలో దాచిన బూటు తొడగకుండానే పొరలు లేస్తుందా లేదా అన్నది చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడుతుంది. నాలుగు విశేషణాలు మోసే చీటీకి ఈ ఐదోది బరువైంది.

చట్టం చెప్పిస్తుందేమో చూద్దాం. యూరప్‌లో 1994 నాటి 94/11 ఆదేశం ప్రకారం అప్పర్, లైనింగు, సోలు వేటితో చేశారో బూటు మీద తెలపాలి. బొమ్మగుర్తులతో చెబితే తోలుకు విప్పిన చర్మం ఆకారం, బట్టకు అల్లిక గడులు, తక్కిన సమస్తానికీ ఒక ఖాళీ వజ్రాకారం: ‘ఇతర పదార్థాలు’. చీటీలో మల్టీలేయర్‌గా, ఫ్యూజ్డ్‌గా వెలిగిన మహానుభావుడు పైన ఫిల్ము పరుచుకున్నాడా, శాసనం ముందు ఉత్త ‘ఇతరుడు’. పైగా ఆ ఆదేశం దృష్టిలో అప్పర్ అంటే బయటి ముఖమే. దాని వైశాల్యంలో 80 శాతం ఏదైతే దాని పేరే చెబితే చాలు. ఆ ముఖానికీ లైనింగుకూ నడుమనున్న పొరలు చట్టం కంటికి ఆననే ఆనవు. తోలుకైతే ఈ నిర్లక్ష్యం లేదు: పైపూత 0.15 మిల్లీమీటర్లు దాటి, మొత్తం మందంలో మూడోవంతుకు మించకుండా ఉంటే ‘పూత పూసిన తోలు’ అని వేరే గుర్తు వేయాలి. పూత మందం కొలిచే ఓపిక ఉన్న చట్టానికి పొరల పేర్లు అడిగే ఓపిక లేకపోవడం వింత. అడగవలసింది కొంచెమే: అడుగునుంచి పైదాకా ఏ పొర, ఏ జిగురు, ఏ రకం పాలీయూరెథేన్. ఇంజినీర్డ్ అన్న మాటకు చోటున్న అట్టముక్క మీద వీటికి చోటు చాలదనడం ఏ వ్యాఖ్యాతా సమర్థించలేని పాఠం.