నడుమ కూసోండ్రి

నన్ను పుట్టి అంటారు. పడవకు ముందూ వెనకా ఉంటాయి, నాకు లేవు. నేను గుండ్రంగా ఉంటాను. వెదురు బద్దల అల్లిక నా ఒళ్లు. దాని మీద యూరియా సంచులు విప్పి కుట్టిన తొడుగు, ఆ తొడుగు మీద కాగిన తారు. మోటరు లేదు, తెరచాప లేదు. ఒక మనిషీ ఒక తెడ్డూ ఉంటే కృష్ణను దాటిస్తాను.

నన్ను అల్లిన తీరు గురించి ఎక్కువ చెప్పను. పచ్చి వెదురును చీల్చి, బద్దలను నేల మీద అడ్డం నిలువు పరిచి, నడుమ బరువు పెట్టి అంచులు పైకి వంచారు. పైన చుట్టూ లావుగా పేని బిగించారు. నా బలమంతా ఆ అంచులోనే ఉంది. మా పెద్దలకు ప్లాస్టిక్కూ తారూ ఎక్కడివి? వాళ్లు పశువుల తోలే కప్పుకున్నారు. 1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర మీద మావాళ్లను చూసి రాసిపెట్టాడు. లోపల బద్దలు, బయట తోలు, పదిహేను ఇరవై మంది ఎక్కుతారని, అవసరమైతే గుర్రాలు, ఎద్దులు కూడా వీటిలో దాటగలవని, తిన్నగా పోలేక తిరుగుతూ పోతాయని అతని రాత. ఆ తుంగభద్ర అలంపురం దాటినాక కృష్ణలో కలుస్తుంది. ఆ రాజ్యం కూలి నాలుగున్నర వందల ఏళ్లు దాటింది. మేము మాత్రం అవే నీళ్ల మీద ఇంకా మనుషులను మోస్తున్నాం. ఈ మాట చెప్పుకోవడం నాకు గర్వం.

నా మొదటి కొలువు కురుమగడ్డ రేవులో. మక్తల్ దిక్కు నుంచి వచ్చే రోడ్డు పంచదేవ్‌పహాడ్ దగ్గర నీళ్లలో ఆగిపోతుంది. ఎదురుగా కృష్ణ నడుమ దీవి. కురువపురం అని కూడా అంటారు. శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రం కాబట్టి మహారాష్ట్ర నుంచి, కర్ణాటక నుంచి కూడా భక్తులు వస్తారు. మూడు భాషల మొక్కులు నా మీదుగా దాటాయి. అయితే భక్తులు వచ్చి పోయేవాళ్లు. నా అసలు పని ఆ గడ్డ మీద ఉండేవాళ్లతోనే. బియ్యం మూటలు, గ్యాస్ బండలు, విత్తనాల సంచులు, జ్వరంతో ఒళ్లు కాలే పిల్లలు, నిలబెట్టి తాడు కట్టిన మోటారు సైకిళ్లు, అన్నీ నేనే దాటించాను. అంగడి రోజు పొద్దున కాళ్లు కట్టిన కోళ్లు, మేకపిల్లలు, కూరగాయల గంపలు అటు పోయేవి. మాపటికి ఉప్పు, పప్పు, ఎండుమిరపకాయలు, పిల్లలకు బూందీ పొట్లం, ఎవరి ఇంటికో కొత్త చాట ఇటు వచ్చేవి. అంగడి ఎక్కడో మక్తల్ దిక్కున ఉన్నా, సగం అంగడి నా కడుపులోనే జరిగేది. ధర ఎంత పెట్టావు, ఎవరు మోసపోయారు, ఎవరి బిడ్డకు సంబంధం కుదిరింది, ఈ ముచ్చట్లన్నీ నడి ఏట్లోనే తేలేవి.

నన్ను నడిపిన ముసలాయన ఎవరు ఎక్కినా ఒకటే మాట అనేవాడు.

"నడుమ కూసోండ్రి. అంచు మీద చెయ్యి పెట్టకుండ్రి. జర నిమ్మళంగ ఉండుండ్రి, లేవకుండ్రి."

కొత్తవాళ్లు నవ్వేవారు. ఆయన నవ్వేవాడు కాదు. పుట్టి సంగతి ఆయనకు తెలుసు. బరువు నడుమ ఉంటే నేను నీళ్లను గట్టిగా పట్టుకుంటాను. ఇద్దరు ఒకేవైపు లేచి నిలబడితే అంచు నీళ్లకు అందుతుంది, ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు. ఆయన నన్ను ఎదుటి రేవుకు సూటిగా తోలేవాడు కాదు. మొదట ఒడ్డు వెంట ఎగువకు లాక్కుపోయేవాడు. అక్కడ నీళ్లలో దింపి, పారుడు నన్ను ఎంత కిందికి జరుపుతుందో చూసుకుని, తెడ్డును ముందు గుచ్చి తన వైపు లాగేవాడు. లాగిన ప్రతిసారీ నేను కొంత తిరిగేదాన్ని. మరుసటి పోటు రెండో పక్క వేసి సరిచేసేవాడు. రేవు కాడికి వచ్చేసరికి నీళ్లే నన్ను రేవులో పెట్టేవి. ఇది పుస్తకంలో దొరకని లెక్క. భీమను కలుపుకొని వచ్చే ఆ నదిని ఆయన రోజూ పొద్దున ముఖం చూసి చదివేవాడు. ఆల్మట్టి, నారాయణపూర్ గేట్లు ఎత్తారని కబురు వస్తే చాలు, నన్ను పైకి మోసుకుపోయి చింతచెట్టుకు కట్టేసేవాడు. ఎవరు ఎంత పైసలిస్తామన్నా కదిలేవాడు కాదు. వానకాలం ముందు తప్పకుండా తారు కాచి పూసేవాడు. పని అయినాక నన్ను రాళ్ల మీద ఈడ్వడం ఆయనకు తెలియదు. వీపు మీద బోర్లించుకుని తాబేలులా ఇంటికి నడిచేవాడు.

కొడుకులు మట్టిపనికి బొంబాయి పోయారు. పాలమూరు వాళ్లు తవ్వని కాలువలు, కట్టని కట్టలు దేశంలో ఎన్ని ఉన్నాయి! కానీ సొంత ఏటి మీద తెడ్డు పట్టడానికి మూడో చెయ్యి లేకపోయింది. ముసలాయన కళ్లు మసకబారినాక నన్ను అమ్మేశారు. ట్రాక్టరు మీద, జూరాల కట్ట పక్కగా, పెబ్బేరు మీదుగా కొల్లాపూర్ మండలం సోమశిలకు చేరాను.

అక్కడి కృష్ణ నాకు తెలిసిన కృష్ణ కాదు. శ్రీశైలం డ్యాం నిండితే, అంటే 885 అడుగులకు నీళ్లు వస్తే, అవతలి ఒడ్డు ఎక్కడో ఉంటుంది. కొండలు నీళ్లలో దిగి దీవులవుతాయి. 1981లో నీళ్లు రాకముందే ఊళ్లు ఖాళీ చేయించారు, వందకు పైగా ఊళ్లు కిందికి పోయాయి. సోమశిల గుళ్లనూ జటప్రోలు గుళ్లనూ రాయి రాయిగా విప్పి పైకి తెచ్చి తిరిగి నిలబెట్టారు. కూడవెల్లి సంగమేశ్వరుడు అలంపురం పోయాడు. దేవుళ్ల ఇళ్లకు నంబర్లు వేసి తీసుకుపోయిన చేతులు, మనుషుల ఇళ్లకు ఆ పని చేయలేదు. ఎండాకాలం నీళ్లు దిగినప్పుడు ఒకరోజు నా అడుగు దేనికో గీరుకుంది. నాలో ఉన్న ఒక ముసలి జాలరి తెడ్డు ఆపి వంగి చూశాడు. నీళ్లలో జానెడు లోతున సున్నం పట్టిన గోడ, దానికో దీపపు గూడు. "ఇది మా పెద్దనాయన ఇల్లురా" అన్నాడు కొడుకుతో. గూట్లోంచి ఒక చిన్న చేప బయటికొచ్చి మళ్లీ లోపలికి పోయింది. ఆ గోడ గీరిన మచ్చ నా అడుగున ఇప్పటికీ ఉంది. దాన్ని మాత్రం నేను గాయమని అనుకోను.

సోమశిల దాటి అమరగిరి దిక్కు పోతే ఇరువైపులా నల్లమల. ఏడాది పొడవునా వానలు పడే అడవి కాదిది. మార్చికి ఆకు రాల్చి ఎముకలు చూపిస్తుంది, తొలకరి పడితే వారంలో కొండ కనిపించనంత పచ్చబడుతుంది. పొద్దున బండల మీద మొసళ్లు నోరు తెరుచుకుని ఎండ కాగుతాయి. నీటికుక్కలు గుంపుగా వచ్చి వలలో చేపను తల కొరికి పోతాయి. సాయంత్రం దుప్పులు నీళ్లకు దిగుతాయి, ఇప్పపూలు రాలే రోజుల్లో ఎలుగుబంటి ఒడ్డుదాకా వస్తుంది. రాష్ట్రం రెండైనాక ఈ ఒడ్డు అడవికి అమ్రాబాద్ పులుల అభయారణ్యం అని పేరు, 2,611 చదరపు కిలోమీటర్లు. ఆ ఒడ్డుది నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం. పులి ఈ హద్దును లెక్కపెట్టదు, నది ఈదుకుంటూ ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ పోతుంది.

చెంచులు కూడా నన్ను ఎక్కేవారు. తేనె, జిగురు, కుంకుళ్లు, మూటగట్టిన మూలికలు. వాళ్ల తేనె వెనక కథ నాకు నచ్చుతుంది. కొండచరియ అంచు నుంచి తాడు వేలాడదీసుకుని దిగి, పొగ పెట్టి తేనెపట్టు కోస్తారు. పైన ఆ తాడు పట్టుకునేది బావమరిది. అక్క పసుపు కుంకుమలు అతని చేతిలో ఉంటాయి కాబట్టి తాడు వదలడని నమ్మకం. అంత నమ్మకంతో తెచ్చిన తేనె అంగడిలో సారాసీసాల్లో పోసి, అడిగినంతకు ఇచ్చి పోవలసి వచ్చేది. మన్ననూరు దిక్కున గిరిజన సహకార సంస్థ కొంటుంది. అంత దూరం పోలేనివాళ్లు దళారి తక్కెడకే తల వంచుతారు. ఆ తక్కెడ ఏ పక్కకు మొగ్గుతుందో నేను చూస్తూనే ఉన్నాను.

సోమశిలలో నన్ను కొన్నవాడి మీద నాకు కోపం ఉంది. అతను అలివి వలలు వేసేవాడు. అంత సన్నని కళ్లున్న వలకు గుడ్డు వదిలి నాలుగు రోజులైన పిల్ల కూడా తప్పించుకోలేదు. బొచ్చె, రవ్వ, ఏదనేది లేదు. అవి నిషేధించిన వలలు, అందుకే చీకట్లో వేసేవాడు. గుప్పెడు గుప్పెడు చేపపిల్లలను నా అడుగున పోసేవాడు, తెల్లవారేసరికి అవి బండల మీద ఎండేవి. కేజీ చేప కావలసింది చిటికెడు అవుతుంటే నా ఒళ్లంతా వాటి జిగట. ఏటి మీద బతికేవాడు ఏటి రేపటిని అమ్ముకోకూడదు. అతను నన్ను రాళ్ల మీద ఈడ్చేవాడు. తారు పూయమంటే వచ్చే ఏడు చూద్దాం అనేవాడు. చిల్లు పడితే పాత చెప్పు ముక్క అంటించేవాడు.

ఒడ్డున ఎవరు కూర్చున్నా చివరికి ఒక మాట దగ్గరికి వస్తారు. 2007 జనవరిలో మంచాలకట్ట రేవుకు వస్తున్న పడవ నడి ఏట్లో మునిగింది, అరవై మంది దాకా పోయారు. అది నేను పుట్టకముందు సంగతి. మునిగింది పుట్టి కూడా కాదు. అయినా ఆ మాట వచ్చినప్పుడల్లా నా బద్దలు బిగుసుకుంటాయి. పడవకు నోరు లేదు, ఇక చాలని చెప్పలేదు. ఆ చెప్పే బాధ్యత తెడ్డు పట్టినవాడిది, రేవు వేలం పాట పాడినవాడిది, పైన ఉన్న పెద్దలది. కురుమగడ్డ ముసలాయన ఉండి ఉంటే సగం మందిని ఒడ్డు మీదే దింపేవాడని నాకు అనిపిస్తుంది.

సోమశిలలో నిలబడితే అవతల సిద్ధేశ్వరం కొండలు కళ్లెదుటే. రోడ్డు మీద పోవాలంటే కర్నూలు చుట్టి రావాలి. ఇక్కడ తీగల వంతెనకు 2022 అక్టోబరులో కేంద్రం ఒప్పుకుంది, ఖర్చు వెయ్యి కోట్లకు పైమాట. వంతెన వస్తే పుట్టి బతుకు ఏమవుతుందని నన్ను అడిగితే, రానీ అంటాను. జనాన్ని దాటించడం ఇక్కడ నా శక్తికి మించిన పని. నది వెడల్పు పెరిగింది, నా వెడల్పు పెరగలేదు. పిల్లకు జ్వరం వస్తే తల్లి గాలి తగ్గేదాకా ఒడ్డున కూర్చోకూడదు. నాకు వలలు చాలు.

ఇప్పుడు నన్ను గుడిసె వెనక బోర్లించారు. అతను థర్మకోల్ తెప్ప కట్టుకున్నాడు, ఒక మనిషికి అది చాలంటాడు. ఎండకు నా తారు కరిగి కారి మళ్లీ గడ్డకట్టింది. తొడుగులో ఒక పక్క కోసి కోళ్లగూటి కప్పుకు వేశారు. మిగిలిన పక్క కింద కుక్క పిల్లలను పెట్టింది. వానకాలం మట్టి తగిలి చెదలు అంచు దాకా వచ్చాయి, ఇంకా లోపలికి పోలేదు. మొన్న పిల్లలు పొయ్యిలోకి ఒక బద్ద విరవబోతే విరగలేదు. నా బద్దల్లో ఆ గట్టితనం ఇంకా ఉంది.

అదే నేను చెప్పదలచుకున్నది. నా అల్లిక చెడలేదు. అంచు సడలలేదు. పది యూరియా సంచులు కుట్టి, ఒక డబ్బా తారు కాచి పూస్తే వచ్చే కార్తీకానికి నీళ్ల మీద ఉంటాను. కొత్త పుట్టికి పెట్టే ఖర్చులో అది ఏపాటిది? నన్ను ఎత్తేవాడు అలివి వల మాత్రం తేవద్దు. పెద్ద కళ్ల వల తెచ్చి, చేపపిల్లను తిరిగి నీళ్లలో వదిలేవాడైతే, ఒంటరిగా వచ్చినా ఇద్దరై వచ్చినా అమరగిరి మలుపు దాకా తీసుకుపోయి తీసుకొస్తాను.