తిరిగొస్తానని ఒట్టు

అమీర్‌పేటలో ఒక బిల్డింగు. కింద టిఫిన్ సెంటరు, పైన అబ్బాయిల హాస్టలు, మధ్య అంతస్తులో అమెరికా. చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వెళ్లాలి. 2025 వేసవిలో మా అక్క కొడుక్కి అక్కడ వీసా ఇంటర్వ్యూ తర్ఫీదు ఇస్తుంటే తోడుగా వెళ్లాను. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రెండు గంటలపాటు ఒకే ఒక్క అబద్ధానికి సానపట్టడం కళ్లారా చూశాను.

ప్లైవుడ్ గోడకు కిటికీ కోసి అద్దం బిగించారు. ఇవతల మావాడు, అవతల మేడమ్‌గారు. ఆవిడ ఇంతవరకూ విమానం ఎక్కలేదని రిసెప్షన్ అమ్మాయే నవ్వుతూ చెప్పింది. అయితేనేం, ముక్కుతో ఇంగ్లీషు మాట్లాడతారు, అనుమానంగా చూడటం వచ్చు. వీసా ఆఫీసరుకి అంతకన్నా ఏం కావాలి?

"చదువయ్యాక ఏం చేస్తావు?" అన్నారావిడ.

"మా తల్లిదండ్రులకు నేనొక్కణ్నే కొడుకుని. చదువు కాగానే తిరిగొచ్చి వాళ్లను చూసుకుంటాను" అని మావాడు ఇంగ్లీషులో ఒక్క గుక్కలో అప్పజెప్పాడు.

"ఎక్కాలు చదువుతున్నావా బాబూ? 'వాళ్లను' దగ్గర కాస్త ఆగు. కళ్లలోకి చూడు. తొందరపడితే అబద్ధం అనుకుంటారు."

వాడు ఆగాడు. చూశాడు. మళ్లీ చెప్పాడు. ఆరోసారికి నాకే నమ్మకం కుదిరింది. పక్క కుర్చీలో మా అక్క కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

ఇంత అవస్థకీ మూలం 1952లో అమెరికావాళ్లు రాసుకున్న వలస చట్టం. అందులో 214(బి) అని ఒక సెక్షను ఉంది. మనవాళ్లకి పాత ఐపీసీ 420 తర్వాత అంత బాగా నోటికొచ్చిన సెక్షను ఇదే. కోర్టులో నేరం రుజువయ్యేదాకా ముద్దాయి నిర్దోషి. నానక్‌రామ్‌గూడ అమెరికన్ కాన్సులేట్ కౌంటరు దగ్గర అది తలకిందులు. విద్యార్థి వీసా అడిగినవాడు మా దేశంలో పాతుకుపోవడానికే వస్తున్నాడు అనుకుని మొదలుపెడతారు, కాదని రుజువు చేసుకోవలసింది వాడే. జరగని నేరానికైనా సాక్ష్యం దొరుకుతుంది గానీ, రెండేళ్ల తర్వాత తనకు కలగబోయే బుద్ధికి ఇరవై రెండేళ్ల కుర్రాడు రుజువు ఎక్కణ్నించి తెస్తాడు? కాలజ్ఞానం చెప్పిన బ్రహ్మంగారొచ్చి నిలబడినా సపోర్టింగ్ డాక్యుమెంట్లు అడుగుతారు.

కాబట్టి తెస్తారు. మా బావకి తెనాలి దగ్గర ఎకరన్నర పొలం ఉంది. ఆ పొలానికి నాకు తెలిసి మూడు ధరలు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒక ధర, అది వింటే పొలం మీద జాలేస్తుంది. పెళ్లిసంబంధాల దగ్గర ఇంకో ధర, అది వింటే మా బావ మీద గౌరవం కలుగుతుంది. మూడోది చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చిన ఆస్తుల సర్టిఫికెట్లోది. దాన్ని చూసి మా బావే కాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఇంత ఆస్తి ఉన్నవాడు వెనక్కి రాకుండా ఎక్కడికి పోతాడు?" అన్నది వాదన. బాగానే ఉంది. కాకపోతే వాడు తిరిగొస్తాడనడానికి సాక్ష్యంగా చూపించిన ఆ ఎకరన్నరే, వాడు వెళ్లడానికి బ్యాంకులో తాకట్టు పెట్టిన ఎకరన్నర. నలభై లక్షల అప్పు. అది తీరాలంటే డాలర్లు రావాలి. డాలర్లు రావాలంటే వాడు రాకూడదు. ఈ చిన్న లెక్క బ్యాంకు మేనేజరుకి తెలుసు, కన్సల్టెన్సీకి తెలుసు, కౌంటర్లో కూర్చున్న తెల్లదొరకి మరీ బాగా తెలుసు.

పొలం కూడా లేనివాళ్లకి మార్గం లేకపోలేదు. కొన్నిచోట్ల 'ఫండ్స్ చూపించడం' అనే సేవ దొరుకుతుంది. పెళ్లికి నగలు అద్దెకు తెచ్చినట్టు ఖాతాలోకి లక్షలు అద్దెకు వస్తాయి, బ్యాంకు సర్టిఫికెట్ మీద సంతకం పడగానే దిగిపోతాయి. నూటికి ఇంతని తీసుకుంటారు. మాలాంటి మర్యాదస్తులు అలాంటి పనులు చెయ్యరు. పొలం ధర మాత్రమే పెంచుకుంటారు.

ఇంటర్వ్యూకి స్లాటు దొరకడం మరో పురాణం. ఆ మే నెలాఖర్లో కొత్త స్లాట్లివ్వడం ఆపేశారు. జూన్‌లో మళ్లీ మొదలుపెడుతూ, సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనిపించేట్టు తెరిచిపెట్టమన్నారు. మావాడు రాత్రి రెండింటిదాకా ఒక కంట స్లాట్లు చూస్తూ, రెండో కంట తన పాత పోస్టులు ఏరుకుంటూ కూర్చున్నాడు. వాడి రాజకీయమంతా హీరోల గొడవే. ఇంటర్‌లో ఉండగా ఒక హీరో డాన్సుని నోటికొచ్చినట్టు తిట్టాడట. "ఆఫీసరు ఆయన ఫ్యాన్ అయితే ఎలా మామయ్యా?" అన్నాడు. నేను నవ్వలేదు. ఆ నెలలో మా ఇంట్లో ఎవరూ దేనికీ నవ్వలేదు.

అప్పటికే వీసా రుసుము 185 డాలర్లు, సెవిస్ అనే రుసుము 350 డాలర్లు కట్టేశాం. రెండూ కలిపితే 45 వేల రూపాయల పైమాటే. కాదన్నా వెనక్కి రావు. ఆ లెక్కన చిలుకూరు బాలాజీ ఎంతో నయం, ఆయన గుళ్లో హుండీయే లేదు. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. ఆయన దగ్గర ఇంకో సౌకర్యం కూడా ఉంది, తిరిగొస్తావా అని అడగడు. అసలు ఆ 11 ప్రదక్షిణల్లో మావాడు కోరుకున్నదేమిటో నాకు తెలియదు. 'స్వామీ, నేను వెనక్కి వస్తానని ఆఫీసరు నమ్మేట్టు చూడు' అనే అయ్యుంటుంది. అబద్ధానికి పూచీ ఉండమని దేవుణ్నే అడిగిన భక్తులు మన తెలుగువాళ్లు తప్ప ఇంకెవరైనా ఉన్నారేమో పండితులు చెప్పాలి.

నిజం చెప్తే ఏమవుతుంది అని మీకు అనుమానం రావచ్చు. మేడమ్‌గారి దగ్గర దానికీ ఒక కథ ఉంది. అంతకుముందు ఏడాది ఒక కుర్రాడు, మంచి మార్కులు, మంచి యూనివర్సిటీ, కౌంటరు దగ్గర ఉన్నది ఉన్నట్టు చెప్పేశాట్ట. "సార్, అప్పు ఉంది. అక్కడ మూడేళ్లు ఉద్యోగం చేసి తీర్చాలి. ఆ తర్వాత సంగతి నాకూ తెలియదు." పాస్‌పోర్టు, దాంతోపాటు ఒక కాగితం, చేతిలో పెట్టి పంపించారు. ఆ కన్సల్టెన్సీలో ఇప్పటికీ ఆ కుర్రాడి పేరు ఎవరికీ గుర్తులేదు, హరిశ్చంద్ర అంటారు. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే ఈ కథ చెప్తారు, బళ్లో చేరిన పిల్లలకి నీతికథ చెప్పినట్టు. నీతి మాత్రం తిరగేసి ఉంటుంది.

పోనీ, అడిగేవాళ్లైనా చిత్తశుద్ధితో అడుగుతున్నారా అంటే అదీ లేదు. చదువు కాగానే వెళ్లిపోతానని ఒట్టు వేయించుకున్న ప్రభుత్వమే, చదువయ్యాక 12 నెలలు ఉద్యోగం చేసుకో అంటూ ఓపీటీ ఇస్తుంది. సైన్సు, ఇంజనీరింగు చదివితే ఇంకో 24 నెలలు ఉండు అంటుంది. 2023-24లో అమెరికాలో మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది అని లెక్క తేలింది, ఆ ఏడాది చైనావాళ్లను కూడా దాటేశాం. అందులో 97 వేల పైచిలుకు మంది ఓపీటీ మీద ఉన్నవాళ్లే. అంటే అన్ని వేలమందీ కౌంటరు ముందు నిలబడి, 'వాళ్లను' దగ్గర కాస్త ఆగి, కళ్లలోకి చూసి, ఆ వాక్యం చెప్పి వచ్చినవాళ్లన్నమాట. వాళ్లు ఉండిపోతారన్న ధైర్యంతోనే అక్కడి యూనివర్సిటీలు ఫీజులు పెంచుకుంటాయి, కంపెనీలు ఇంటర్వ్యూలు పెడతాయి. కౌంటరు దగ్గర మాత్రం, పెళ్లిచూపుల్లో కాఫీ అమ్మాయే కలిపిందని చెప్పినట్టు, అటూ ఇటూ అందరూ తల ఊపుతారు.

ఒకసారైతే అబద్ధంలో వాళ్లే మనల్ని మించిపోయారు. మిచిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి వెలిసింది. వెబ్‌సైటు ఉంది, ముద్ర ఉంది, ఫీజులు ఉన్నాయి. క్లాసులు లేవు, పంతుళ్లు లేరు. నడిపింది వాళ్ల ప్రభుత్వ ఏజెంట్లే. 2019 జనవరిలో వల లాగితే మొదట పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది మనదేశం వాళ్లు, తెలుగువాళ్లే ఎక్కువ. చదువుకుంటామని అబద్ధమాడినందుకు, చదువు చెప్తామని అబద్ధమాడినవాళ్లు పట్టుకున్నారు. ఆ పిల్లలు కేవలం అమాయకులని నేననను, క్లాసు లేని కాలేజీకి ఫీజు కట్టేవాడికి కొంత తెలిసే ఉంటుంది. కానీ దొంగ వేషం వేసుకున్న పోలీసు, పోలీసుకి నమ్మకంగా డబ్బు కట్టిన దొంగ, ఇద్దర్లో బాగా నటించింది ఎవరన్నది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఇంటర్వ్యూ రోజు మా అక్క నీలంరంగు ఫైలుని నగలపెట్టెలా ఒళ్లో పెట్టుకుని నానక్‌రామ్‌గూడ దాకా వచ్చింది. అందులో పదో తరగతి మార్కుల దగ్గర్నించి పొలం పాస్‌బుక్కు దాకా ఉన్నాయి. మమ్మల్ని గేటు బయటే ఆపేశారు. ఎండలో నిలబడ్డ తల్లిదండ్రులంతా అప్పటికి చుట్టాలైపోయారు. బయటికి వచ్చే ప్రతి పిల్లవాడి చేతులకేసీ చూడటం, పాస్‌పోర్టు కనిపిస్తే తల తిప్పుకోవడం. పాస్‌పోర్టు లోపలే ఉంచుకున్నారంటే వీసా వచ్చినట్టు.

మావాడు ఖాళీ చేతులతో వచ్చాడు, చంకలో ఫైలు తప్ప. కౌంటరు దగ్గర రెండు నిమిషాలట. ఏ యూనివర్సిటీ, ఎవరు డబ్బు పెడుతున్నారు, అంతే. ఫైలు ముట్టుకోనే లేదు. తిరిగొస్తావా అని అడగనేలేదు.

"అడగలేదా?" అంది మా అక్క. వీసా వచ్చిన సంతోషంలో ఆ గొంతు తేడా నాకొక్కడికే వినిపించిందనుకుంటా.

ఆగస్టులో ప్రయాణం. (ఆ మరుసటి నెలలోనే కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసాకి లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చింది. ఒట్టు నిలబెట్టుకునేట్టు చెయ్యడానికి ప్రభుత్వమే పూనుకుంటే కాదనడానికి మేమెవరం?) చిలుకూరులో 108 ప్రదక్షిణలు పూర్తిచేశాడు. మాట ఇచ్చినవాళ్లందరిలో బాలాజీ ఒక్కడి బాకీయే విమానం ఎక్కకముందు తీరింది.

శంషాబాద్‌లో అర్ధరాత్రి. సూట్‌కేసు బరువెక్కువైతే గోంగూర పచ్చడి తీసి, మళ్లీ పెట్టి, కందిపొడి తీశారు. మా బావ ట్రాలీ పట్టుకుని బోర్డుకేసి చూస్తున్నాడు. మా అక్క చదివింది తెలుగు మీడియంలో పదో తరగతి. రెండు నెలలపాటు ఇంట్లో పొద్దున్నా సాయంత్రం విని విని ఆ వాక్యం ఆవిడకి ఇంగ్లీషులోనే కంఠతా వచ్చేసింది. వాడి కాలరు సర్దుతూ, మొదటి రెండు మాటలు తనే అందించి, "ఆ ముక్క ఇంకోసారి అనరా" అంది.

వాడు ఫోన్లో బోర్డింగ్ పాస్ వెతుక్కుంటున్నాడు.

"అమ్మా, ఇంటర్వ్యూ అయిపోయిందిగా!" అన్నాడు.