కాయకి క్వారంటైన్

అప్పనపల్లిలో జనం లేకపోతే ఎలా ఉంటుందో 2020 మార్చి దాకా మాకు తెలీదు. శనివారం వచ్చిందంటే బాల బాలాజీ దర్శనానికి వచ్చే కార్లకీ ఆటోలకీ దారిచ్చి, మా ఊళ్లో మేమే గోడవారగా నడిచేవాళ్లం. గుడి మూసేశారు, లాక్‌డౌన్ అన్నారు. కుక్కలొచ్చి నడిరోడ్డు మీద వెల్లకిలా పడుకున్నాయి. సరే, ఇల్లుంది, పెరడుంది, మనకేం లోటనుకున్నాను.

ఇల్లు నా పేరున ఉంది గానీ పెరడు మా ఆవిడ రాజ్యం. అందులో అడుగు పెట్టాలంటే పోలీసు పాసు కూడా చెల్లదు. బీరపాదుకి చెంబుతో నీళ్లు పోస్తుంటే, "ఏవండీ, మొదట్లో పొయ్యండి, నెత్తి మీద పోస్తారేంటి, దానికేమన్నా తలంటా?" అంది. దొండపందిరి మీద చెయ్యేస్తే, "పూత మీదుంది, దాని జోలికెళ్లకండి" అంది. చివరికి నాకు దక్కిన కొలువు ఈనెలు తియ్యడం. రాలిన కొబ్బరిమట్ట ముందేసుకుని, ఆకు తుంచి, కత్తితో రెండు పక్కలా గీసి, ఈనె విడదీసి కట్ట కట్టాలి. మార్చి 28 నుంచి దూరదర్శన్‌లో రామాయణం మళ్లీ వేశారు కదా, యుద్ధకాండ వచ్చేసరికి వానరసేనకి తలా ఒకటి పంచేటన్ని చీపుళ్లు మా వసారాలో చేరాయి.

హైదరాబాదు నుంచి వచ్చేసిన మావాడికి నూతిగట్టు దగ్గర తప్ప సిగ్నల్ లేదు. అక్కడే మడతకుర్చీ, లాప్‌టాపు, మీటింగులు. దింపువాడు రాక కాయలు ముదిరి వాటంతటవే రాలుతున్నాయి. కొబ్బరిచెట్టు నెలకో గెల వేస్తుంది, ప్రధానమంత్రి ఆగమంటే ఆగేది కాదు. ఓ రోజు వాళ్ల మేనేజరు మాట్లాడుతుండగా వెనకాల ధబ్బుమంది. ఆయన హడలిపోయి "ఏమైంది, ఏమైంది?" అన్నాడు. "కాయ సార్" అన్నాడు మావాడు. మర్నాటి నుంచీ ఆయన మీటింగు మొదలెట్టేముందు, "ఇవాళెన్ని రాలాయి?" అని అడిగేవాడు.

రాలినవి ఎవరు కొంటారు? అంబాజీపేట మార్కెట్టు మూత, ఉత్తరాదికి పోయే లారీలు బందు, గుళ్లలో కొట్టేవాళ్లు లేరు, పెళ్లిళ్లు వాయిదా. ఇక మేమే తినాలి. కొబ్బరి పచ్చడి, కొబ్బరన్నం, కొబ్బరేసిన బీరకాయ కూర, కొబ్బరి లౌజు. ఆఖరికి చారులో కూడా ఓ ముక్క తేలితే, "ఇదేంటే?" అన్నాను. "పడుంటుందని" అంది.

మనుషులకి కరోనా రాకముందే మా చెట్లకి తెల్లదోమ పట్టింది. ఆకుల అడుగున తెల్లగా చుట్టలు చుట్టి, కింద ఆకుల మీద జిగురు కార్చి, దాని మీద మసి కట్టిస్తుంది. వైద్యం ఏమిటంటే వేపనూనెలో సబ్బుపొడి కలిపి కొట్టడం. టీవీలో మనకి చెప్పేదీ సబ్బే కదా! పొద్దున్నే నేను చేతులకీ, మావాడు పొట్టి చెట్లకీ పట్టించేవాళ్లం.

సడలింపులిచ్చాక దింపువాడొచ్చాడు, మూతికి తువ్వాలు చుట్టుకుని. మా ఆవిడ గుమ్మంలోంచే, "దూరం, దూరం" అని కేకేసింది. వాడు మొలలో కత్తి దోపి సగం చెట్టెక్కి, "ఆయ్, ఇంతకంటే దూరం ఎక్కడికెళ్లమంటారండీ?" అన్నాడు. జిల్లా మొత్తం మీద నిబంధన సరిగ్గా పాటించినవాడు వాడొక్కడే.

దింపిన కాయల్ని పీచు తియ్యకుండా అటకెక్కించాం. కురిడీకన్నమాట. ఎనిమిది తొమ్మిది నెలలు అలా వదిలేస్తే లోపల నీళ్లు ఇంకి, కొబ్బరి పెంకు వదిలి గుండులా అవుతుంది, ఊపితే గలగలమంటుంది. రోజూ అన్నాలయ్యాక మా ఆవిడ నిచ్చెనెక్కి ఓ కాయ తీసి చెవి దగ్గర ఊపేది. "ఇంకా నీళ్లున్నాయి" అని లోపలికి నెట్టేసేది. అసలు కాయ కంటే ముందు ఈవిడ ఆరిపోయేలా ఉందని మావాడి దిగులు.

ఓ పొద్దున్న వాలంటీరమ్మాయి గేటు దగ్గర నిలబడి, "పిన్నిగారూ, కొత్తగా ఎవరైనా వచ్చారాండీ?" అనడిగింది.

"మావాడొచ్చాడు, పద్నాలుగు రోజులూ అయిపోయాయి. అటక మీదున్నవాళ్లని మాత్రం సంక్రాంతి దాకా కిందికి దింపేది లేదు" అంది మా ఆవిడ.

ఆ పిల్ల కంగారుగా పెన్ను తీసి, "ఎంతమందండీ?" అంది.